నాచు నుంచి నూనె: కార్బన్ డయాక్సైడ్ ఇస్తూ, వేసిన ఎరువునే మళ్లీ వాడుకుంటూ పెంచడం ఎలా

నాచు కణం తనలో దాచుకునే నూనెలో నత్రజని ఉండదు, భాస్వరం ఉండదు, పొటాష్, ఇనుము కూడా ఉండవు. కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్, అంతే. అంటే తొట్టిలోంచి మనం నూనె ఒక్కటే బయటికి తీసుకెళ్తే, వేసిన ఎరువంతా ఇంకా మన దగ్గరే ఉండాలి, పిప్పిలోనో నీళ్లలోనో. కానీ చాలామంది నూనె తీశాక పిప్పి పారేస్తారు, నీళ్లు కాలవలోకి వదిలేస్తారు, మళ్లీ కొత్త ఎరువు కలుపుకుని మొదటికొస్తారు. నేనూ మొదట్లో అలాగే చేశాను. ఎరువు లెక్క ఒక పుస్తకంలో రాయడం మొదలుపెట్టాకే ఎంత పారేస్తున్నానో తెలిసింది. అందుకే ఇక్కడ చెప్పేదంతా ఆ లెక్క చుట్టూనే తిరుగుతుంది: బయటికి పోయేది కార్బన్, దాన్ని కార్బన్ డయాక్సైడ్‌గా తిరిగి ఇస్తాం, మిగతాదంతా మళ్లీ తొట్టిలోకే రావాలి.

ఎంత వస్తుందో ముందే చెప్పేస్తాను, తర్వాత నిరాశ పడకుండా. 20 సెంటీమీటర్ల లోతున 1,000 లీటర్లు నింపితే 5 చదరపు మీటర్ల తొట్టి అవుతుంది. ఎండ బాగా ఉండి అన్నీ కుదిరితే చదరపు మీటరుకు రోజుకు 10 గ్రాముల పొడి నాచు రావడం మంచి లెక్కే, చాలా బాగా నడిపిన తొట్లలో 20 దాకా వెళ్తుంది. 10 అనుకుంటే రోజుకు 50 గ్రాములు, అందులో పావు వంతు నూనె అనుకుంటే 12 గ్రాముల చిల్లర. బండి నడిపేంత నూనె ఇంత చిన్న తొట్టితో రాదు. కానీ పని మొత్తం చేతికి వస్తుంది, రేపు ఎకరాల్లో కట్టినా ఈ లెక్కలే పెద్దవవుతాయి తప్ప మారవు.

ఏ నాచు తీసుకోవాలి

మంచినీళ్లయితే క్లోరెల్లా వల్గారిస్ లేదా సెనెడెస్మస్, ఉప్పునీళ్లయితే నానోక్లోరోప్సిస్. కొత్తవాళ్లకు నేను క్లోరెల్లానే చెబుతాను, త్వరగా పెరుగుతుంది, చిన్న చిన్న పొరపాట్లు తట్టుకుంటుంది. స్పిరులినా అందరికీ తెలిసిన పేరు కాబట్టి దాంతో మొదలుపెట్టాలనిపిస్తుంది కానీ అందులో సగానికి పైగా ప్రోటీనే, నూనె చాలా తక్కువ, ఈ పనికి అది కాదు. బోట్రియోకాకస్ బ్రౌనీ గురించి చదివి ఆశపడేవాళ్లూ ఉన్నారు. అది హైడ్రోకార్బన్లు, అంటే పెట్రోలులో ఉండేలాంటి పదార్థాలు, బాగా చేస్తుంది, నిజమే, కానీ పెరుగుదల మరీ నెమ్మది, బయట తొట్టిలో పెడితే వేరే నాచులు దాన్ని మింగేస్తాయి.

విత్తనం మాత్రం నాచు జాతులను భద్రపరిచే కల్చర్ కేంద్రం నుంచో, చేపపిల్లల మేత కోసం నాచు పెంచే హేచరీ నుంచో తెచ్చుకోండి. చెరువులో పచ్చనీళ్లు ముంచుకొస్తే అందులో పది రకాల నాచులు, వాటిని తినే పురుగులు అన్నీ కలిసే వస్తాయి.

సీసా నుంచి తొట్టి దాకా

కాచి చల్లార్చిన నీళ్లలో బీజీ-11 అనే మీడియం, అంటే నాచుకు కావలసిన ఎరువుల మిశ్రమం, కలుపుకోండి. మంచినీటి నాచు పెంచేవాళ్లలో చాలామంది వాడేదే, లీటరుకు 1.5 గ్రాముల సోడియం నైట్రేట్, 40 మిల్లీగ్రాముల డైపొటాషియం ఫాస్ఫేట్, 75 మిల్లీగ్రాముల మెగ్నీషియం సల్ఫేట్, కొంచెం కాల్షియం క్లోరైడ్, ఇనుము, చిటికెడు సూక్ష్మ పోషకాలు. కుళాయి నీళ్లు వాడితే క్లోరిన్ పోయేలా ఒక రోజంతా గాలి బుడగలు కొట్టి ఉంచాలి. చేపల తొట్టికి వాడే గాలి పంపు, గొట్టంలో దూది ఫిల్టర్, 25 నుంచి 28 డిగ్రీల వేడి, రోజుకు 14 గంటలు ట్యూబ్‌లైటు వెలుతురు, ఇంతే కావాలి.

200 మిల్లీలీటర్లు చిక్కగా అయ్యాక 2 లీటర్లకు, అది చిక్కబడ్డాక 20 లీటర్లకు, అలా పెంచుకుంటూ వెళ్లండి. ఒకేసారి పదింతల కంటే పలచన చేయొద్దు. పలచగా ఉన్న నాచుకు ఎండ ఎక్కువైపోతుంది, పైగా ఖాళీ నీళ్లలో వేరేవాటికి చోటు దొరుకుతుంది. నేను ఒకసారి ట్యూబ్‌లైటు కింద పెరిగిన 20 లీటర్ల క్యాన్‌ను తీసుకెళ్లి నేరుగా మిట్టమధ్యాహ్నం ఎండలో పెట్టాను. పొద్దున ముదురాకు రంగులో ఉన్నది మర్నాటికి పాలిపోయిన పసుపులోకి వచ్చింది, క్యాన్ అడుగున బూడిదలా పేరుకుపోయింది, పైనీళ్లు తేటగా ఉన్నాయి. మూడు వారాల పని అది. అప్పటినుంచి నాలుగైదు రోజులు పలచటి గుడ్డ నీడలో ఉంచి, కొంచెం కొంచెంగా గుడ్డ తీస్తూ అలవాటు చేస్తున్నాను. ఇంకో మాట, 2 లీటర్ల సీసా ఒకటి ఎప్పుడూ లోపల పక్కన పెట్టి ఉంచండి. తొట్టి పోయినా విత్తనం పోకూడదు.

తొట్టి లోతు 20 నుంచి 30 సెంటీమీటర్లు చాలు, అంతకు మించితే అడుగుకు వెలుతురు చేరదు. మధ్యలో గోడ పెట్టి, నీళ్లు దాని చుట్టూ తిరిగేలా తెడ్డు చక్రం అమర్చుకుంటే మేలు, నీళ్లు సెకనుకు 20 నుంచి 30 సెంటీమీటర్లు కదిలితే సరిపోతుంది. ఈ తిప్పడం ఎందుకంటే, మధ్యాహ్నపు ఎండలో పదో వంతు దగ్గరే చాలా నాచులకు కడుపు నిండిపోతుంది. పైన ఉన్న కణానికి ఎండ ఎక్కువై కష్టం, కింద ఉన్నదానికి చీకటై కష్టం, రెండూ చోట్లు మార్చుకుంటూ ఉంటేనే తొట్టంతా పెరుగుతుంది. వేగంగా తిరిగే మోటారు పంపులు వాడొద్దు, కణాలు దెబ్బతింటాయి.

కార్బన్ డయాక్సైడ్ ఇవ్వడం

పొడి నాచు బరువులో దాదాపు సగం కార్బనే. అందుకే 1 కిలో పొడి నాచు పెరగాలంటే సుమారు 1.8 కిలోల కార్బన్ డయాక్సైడ్ కావాలి. గాలిలో అది ఉన్నది 0.04 శాతమే కాబట్టి, ఉత్త గాలి బుడగలతో నాచు బతుకుతుంది కానీ చిక్కబడదు. మన 5 చదరపు మీటర్ల తొట్టికి రోజుకు 90 గ్రాములు, అంటే గ్యాస్‌గా చూస్తే 50 లీటర్ల దగ్గర. అది నాచు తినేది మాత్రమే, బుడగల్లో పైకి పోయేది వేరే.

ఎక్కడి నుంచి తేవాలి? అన్నిటికంటే శుభ్రమైనది పులిసే డ్రమ్ము నుంచి వచ్చేది. 180 గ్రాముల గ్లూకోజ్ ఈస్ట్‌తో పూర్తిగా పులిస్తే 88 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, అంటే సుమారు సగం బరువు. నాచు కోసమని చక్కెర కొని పులియబెట్టడంలో అర్థం లేదు, ఎలాగూ పులియబెట్టే పని జరుగుతున్న చోట గాలిలో కలిసిపోయేదాన్ని గొట్టంతో పట్టుకోవాలి. రెండోది బాయిలర్, ఇంజిన్ పొగ. బొగ్గు పొగలో 10 నుంచి 15 శాతం ఉంటుంది, కానీ దాంతోపాటు గంధకపు ఆమ్ల వాయువులు, మసి, కొన్నిసార్లు పాదరసం లాంటి లోహాలు వస్తాయి. చల్లార్చి, నీళ్లలో కడిగి, ఆ తర్వాతే పంపాలి. మూడోది బయోగ్యాస్, దీని సంగతి కింద విడిగా చెబుతాను, ఎందుకంటే మన పిప్పి వెళ్లేదీ అక్కడికే.

ఇచ్చేది సరిపోతోందో లేదో పీహెచ్ మీటరు చెప్పేస్తుంది, నీళ్లు ఆమ్లం వైపున్నాయో క్షారం వైపున్నాయో చూపే అంకే పీహెచ్. నాచు కార్బన్ డయాక్సైడ్ లాక్కునేకొద్దీ నీళ్ల పీహెచ్ పైకి పోతుంది. ఒక ఎండ రోజున గ్యాస్ ఆపి, గంటకోసారి మీటరు ముంచి చూడండి. పొద్దున 7.5 ఉన్నది పది గంటలకు 8.5 దాటుతుంది, మధ్యాహ్నానికి 10 దగ్గరికి పోతుంది, అక్కడ పెరుగుదల ఆగిపోతుంది. మీటరు మీద ఆ అంకెలు ఎక్కుతుంటే చూడటం నాకు ఇప్పటికీ ఇష్టమే, కంటికి కనపడని కణాలు ఎంత ఆకలి మీద ఉన్నాయో అందులో తెలుస్తుంది. కాబట్టి పీహెచ్ 8 దాటగానే గ్యాస్ తెరుచుకుని 7.5 దగ్గర మూసుకునేలా ఒక కంట్రోలర్, సోలనాయిడ్ వాల్వు (కరెంటుతో తెరుచుకుని మూసుకునే వాల్వు) పెట్టుకుంటే మనం కూర్చుని కాపలా కాయాల్సిన పని లేదు. మీటరును వారానికోసారి, పీహెచ్ ముందే తెలిసిన బఫర్ ద్రావణాల్లో ముంచి సరిచూసుకోండి, అది తప్పు చూపిస్తే మొత్తం తప్పుతుంది.

రాత్రి గ్యాస్ ఆపేయాలి. చీకట్లో నాచు కార్బన్ డయాక్సైడ్ తినదు, తనే వదులుతుంది. ఇంకో పొరపాటు చాలామంది చేసేది, 20 సెంటీమీటర్ల లోతులో ఎయిర్ స్టోన్ (బుడగలు వదిలే రాయి) పెట్టడం. బుడగ కరిగేలోపే పైకొచ్చి పగిలిపోతుంది, ఇచ్చినదాంట్లో ఎక్కువ భాగం గాలికే. తొట్టి దారిలో ఒకచోట మీటరు, మీటరున్నర లోతు గుంట కట్టి, నీళ్లు పై నుంచి కిందికి దిగేలా, బుడగలు కింద నుంచి ఎదురొచ్చేలా పెట్టండి. బుడగ ఎంత సన్నగా ఉంటే అంత మంచిది.

జాగ్రత్త కూడా ఇక్కడే చెప్పాలి. కార్బన్ డయాక్సైడ్ గాలికంటే బరువు, మూసిన గదిలో నేల మీద పేరుకుంటుంది, వాసన రాదు. పని చేసే చోట ఎనిమిది గంటలకు 0.5 శాతం దాటకూడదన్నది నిబంధన, 10 శాతం దగ్గరికి పోతే మనిషి స్పృహ తప్పుతాడు. సిలిండర్లు, పులిసే డ్రమ్ములు ఆరుబయటే ఉంచండి, ఖాళీ గుంటలోకి దిగేముందు ఫ్యాన్‌తో గాలి కొట్టించండి.

నత్రజని లెక్క, నూనె లెక్క

మామూలుగా పెరుగుతున్న నాచులో నత్రజని 7 శాతం దగ్గర ఉంటుంది. లీటరులో 1 గ్రాము నాచు కావాలంటే 70 మిల్లీగ్రాముల నత్రజని కావాలి. సోడియం నైట్రేట్‌లో నత్రజని 16.5 శాతం కాబట్టి లీటరుకు 0.43 గ్రాములు చాలు. బీజీ-11లో 1.5 గ్రాములు వేస్తాం, అది లీటరుకు మూడు గ్రాములకు పైగా నాచుకు సరిపోయే ఎరువు, కానీ బయట తొట్టి అంత చిక్కదనానికి రాదు, సాధారణంగా అర గ్రాము నుంచి ఒక గ్రాము దగ్గరే ఉంటుంది. అంటే సీసా వంటకాన్ని అలాగే తొట్టిలో వేస్తే మూడింట రెండు వంతులు ఊరికే నీళ్లలో ఉండిపోతుంది.

నత్రజని మిగిలిపోతే ఇంకో నష్టం, నాచు నూనె చేయదు. నత్రజని దొరక్క ప్రోటీన్ తయారు కానప్పుడే వచ్చే కార్బన్‌ను నూనెగానో పిండిపదార్థంగానో దాచుకుంటుంది. అందుకే రెండు దశలు: మొదట కడుపునిండా పెట్టి పెంచడం, తర్వాత నత్రజని లేని నీళ్లలో నాలుగు నుంచి ఏడు రోజులు ఉంచడం. రంగు ముదురాకుపచ్చ నుంచి లేతాకుపచ్చకు, ఆ తర్వాత పసుపుకు మారుతుంది, ఎందుకంటే కణం తన పత్రహరితంలోని నత్రజనిని కూడా వాడేసుకుంటుంది. ఈ దశలో కూడా ఎండ, కార్బన్ డయాక్సైడ్ ఇవ్వాలి, లేకపోతే నూనె చేయడానికి కార్బనే ఉండదు.

నూనె శాతం వెంట పడొద్దు. అమెరికాలో 1978 నుంచి 1996 దాకా ప్రభుత్వ ఖర్చుతో నడిచిన ఆక్వాటిక్ స్పీసీస్ ప్రోగ్రాంలో తేలిన పెద్ద విషయం ఇదే: నత్రజని ఆపి నాచు కడుపు మాడిస్తే కణంలో నూనె శాతం పెరుగుతుంది కానీ పెరుగుదల పడిపోవడంతో మొత్తం నూనె పెరగలేదు. రోజుకు 100 గ్రాములు పెరిగే నాచులో 20 శాతం అంటే 20 గ్రాములు, మాడ్చి 40 శాతం చేసినా పెరుగుదల 40 గ్రాములకు పడితే 16 గ్రాములే. నేనైతే పసుపు దాకా పోనివ్వను, లేతాకుపచ్చలోనే తీసేస్తాను.

దించడం

లీటరుకు 1 గ్రాము అంటే కిలో నాచుకు వెయ్యి లీటర్ల నీళ్లు వడకట్టాలి. కణం మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో ఉంటుంది, గుడ్డలోంచి జారిపోతుంది. వేగంగా తిప్పి నాచును నీళ్ల నుంచి విడదీసే సెంట్రిఫ్యూజ్ ఒక్కటే పెట్టి అంత నీళ్లు తిప్పితే కరెంటు దండగ, అందుకే ముందు ముద్దలు కట్టించి అడుగుకు దించి, మిగిలిన చిక్కటి భాగాన్నే తిప్పాలి.

పటిక వేస్తే బాగా దిగుతుంది, అందరూ చెప్పేదీ అదే. కానీ ఎరువు తిప్పి వాడాలనుకుంటే పటిక వద్దు. అందులోని అల్యూమినియం భాస్వరాన్ని పట్టేసుకుని పిప్పిలోనే ఉండిపోతుంది, ఆ భాస్వరం మళ్లీ నాచుకు అందడం కష్టం. దాని బదులు రొయ్య, పీత పెంకుల నుంచి తీసే కైటోసాన్ వాడండి, లేదా పీహెచ్‌ను సున్నంతో 10.5 దాటించండి, గంటలో ముద్దలు కట్టి దిగిపోతుంది. పైన మిగిలిన తేట నీళ్లలోకి కార్బన్ డయాక్సైడ్ బుడగలు వదిలితే పీహెచ్ మళ్లీ 8కి వచ్చేస్తుంది, ఆ నీళ్లు నేరుగా తొట్టికే. ఒకే గ్యాస్‌తో రెండు పనులు. ఆ నీళ్లను కూడా ఎప్పటికీ అలాగే తిప్పలేం, ఉప్పు, నాచు వదిలే జిగురు పేరుకుంటాయి, నురగ ఎక్కువవుతున్నా పెరుగుదల తగ్గుతున్నా కొంత తీసి కొత్త నీళ్లు కలపాలి.

నూనె తీయడం గురించి కొంచెమే చెబుతాను, అది ఇంటి పని కాదు. క్లోరెల్లా గోడ గట్టిది, ఎండబెట్టి గానుగలో వేస్తే నూనె కారదు. పూసల మిల్లులో నూరి గోడ పగలగొట్టి, హెక్సేన్ లాంటి ద్రావకంతో తీయాలి, ఆ ఆవిరి చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది కాబట్టి సరైన ల్యాబులో, తెలిసినవాళ్లే చేయాలి. పెద్ద ప్లాంట్లలో తడి నాచునే 300 నుంచి 350 డిగ్రీల వేడి, 200 అట్మాస్ఫియర్ల దగ్గరి ఒత్తిడిలో ముడినూనెగా మారుస్తారు, ఎండబెట్టే ఖర్చు తప్పుతుంది, నత్రజనిలో పెద్ద వాటా నీళ్ల భాగంలోకి వస్తుంది. ముడి నాచునూనెలో ఫ్రీ ఫ్యాటీ ఆసిడ్లు (నూనె నుంచి విడిపోయిన కొవ్వు ఆమ్లాలు) ఎక్కువ, నేరుగా క్షారం కలిపి బయోడీజిల్ చేయబోతే సబ్బవుతుంది, ముందు ఆమ్లంతో ఒక విడత నడపాలి.

పిప్పిని ఎరువుగా మార్చడం

ద్రావకం పూర్తిగా ఆవిరైన పిప్పిని గాలి చొరని డ్రమ్ములో, 35 డిగ్రీల దగ్గర, 20 నుంచి 30 రోజులు కుళ్లబెట్టాలి. నాచు పిప్పిలో కార్బన్‌తో పోలిస్తే నత్రజని మరీ ఎక్కువ, ఒక్కటే వేస్తే అమ్మోనియా పెరిగిపోయి గ్యాస్ చేసే సూక్ష్మజీవులే చస్తాయి. తరిగిన గడ్డి, కాగితం లాంటివి కలిపి కార్బన్, నత్రజని నిష్పత్తి 20కి పైకి తెచ్చుకోండి.

పైకి వచ్చే గ్యాస్‌లో 60 శాతం దాకా మీథేన్, మిగతాది ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్. మూత వేసిన నాచు తొట్టిలోకి దీన్ని ఎప్పుడూ పంపొద్దు. నాచు ఆక్సిజన్ వదులుతుంది, గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే పేలుతుంది. తుప్పు పట్టిన ఇనుప రజను నింపిన గొట్టంలోంచి పంపి హైడ్రోజన్ సల్ఫైడ్ (కుళ్లిన గుడ్డు వాసన వచ్చే విషవాయువు) తీసేసి, ఇంజిన్‌లో మండించి, చల్లారిన పొగను గుంటలోకి వదలడం తేలిక, అప్పుడు మీథేన్‌లోని కార్బన్ కూడా కార్బన్ డయాక్సైడ్‌గానే నాచుకు చేరుతుంది.

కింద మిగిలే స్లర్రీలో నత్రజని ఎక్కువగా అమ్మోనియంగా ఉంటుంది, నాచు దాన్ని ఇష్టంగా తీసుకుంటుంది. రెండు ఇబ్బందులు ఉన్నాయి. ఒకటి రంగు, నల్లటి స్లర్రీ వెలుతురును ఆపేస్తుంది, తేర్చి, వడకట్టి, బాగా పలచన చేయాలి. రెండోది అమ్మోనియా. పీహెచ్ 8 దగ్గర అమ్మోనియంలో సుమారు 5 శాతమే విషపు అమ్మోనియాగా ఉంటుంది, 9.25కి పోతే సగానికి సగం. స్లర్రీ వేసిన రోజున గ్యాస్ వాల్వు పనిచేయకపోతే తొట్టి సాయంత్రానికే పోతుంది, కాబట్టి ముందు వాల్వు చూసుకుని తర్వాత స్లర్రీ వేయండి. ఒకేసారి కాకుండా రోజూ పొద్దున్నే కొంచెం కొంచెం వేస్తే ఇంకా మంచిది. అమ్మోనియం తినేటప్పుడు పీహెచ్ కిందికి, నైట్రేట్ తినేటప్పుడు పైకి పోతుంది, సగం స్లర్రీ, సగం నైట్రేట్ వేస్తే రెండూ సర్దుకుంటాయి. గొట్టాల లోపల తెల్లటి గట్టి పొర కడితే పారేయకండి, అది స్ట్రువైట్, మెగ్నీషియం, అమ్మోనియం, ఫాస్ఫేట్ కలిసి కట్టిన ఎరువు, గీకి దాచుకోండి. స్లర్రీలో మెగ్నీషియం తగ్గిపోయేది దీనివల్లే, అది, కొంచెం ఇనుము పైన కలుపుకోవాలి.

స్లర్రీతో పురుగులు కూడా పెరుగుతాయి. వారానికి రెండుసార్లు ఒక చుక్క మైక్రోస్కోపు కింద పెట్టి చూడండి. గాజులా పారదర్శకంగా ఉండి, తల దగ్గర రెండు చక్రాలు తిరుగుతున్నట్టు కనిపించే జీవి కనపడితే అది రోటిఫర్, దాని పొట్టలో పచ్చగా ఉన్నది మన నాచే. ఒకటి రెండు ఉంటే ఆ రోజే మొత్తం దించేసి నూనెకు పంపండి, తొట్టి కడిగి నాలుగు రోజులు ఎండబెట్టి పక్కన పెట్టిన సీసాతో మళ్లీ మొదలుపెట్టండి. ఇంకో వారం చూద్దాంలే అనుకుంటే దించడానికి ఏమీ మిగలదు.

మొదటిసారి స్లర్రీ వాడేటప్పుడు నేరుగా తొట్టిలో వేయకండి. రెండు తెల్ల బకెట్లు పక్కపక్కన పెట్టి, రెండిట్లో ఒకే నాచు పోసి, ఒకదానికి మొత్తం నైట్రేట్, రెండోదానికి అదే కొలత నత్రజని సగం స్లర్రీగా, సగం నైట్రేట్‌గా ఇవ్వండి. ఒక కర్ర చివర తెల్ల బిళ్ల అతికించి రోజూ ఒకే వేళకు ముంచండి, బిళ్ల ఎన్ని సెంటీమీటర్ల దగ్గర కనపడకుండా పోతుందో పుస్తకంలో రాయండి. ఐదో రోజుకు రెండు అంకెలూ దగ్గరగా ఉంటే ఆ స్లర్రీ తొట్టికి సిద్ధం, రెండో బకెట్ వెనకబడితే ఇంకా పలచన చేసి, ఇంకో ఐదు రోజులు చూడండి.